పాత ఆయాసం – తగ్గే కండబలం: ఇందులో మెదడు పాత్ర ఏమిటి?



సంఘాల తనిఖీకి గ్రామాలకు వెళ్ళినప్పుడు లెక్కల పుస్తకాలతో బాటు సభ్యుల కష్టసుఖాలు కూడా మా దృష్టికి వస్తుంటాయి. ఏళ్ళ తరబడి దగ్గు, కఫం, ఆయాసంతో బాధపడేవారు మొదట గడ్డిమోపు ఎత్తడం, తరువాత పాలు పితకడం మానుకొని, చివరకు గేదెలనే అమ్ముకోవడం పలుచోట్ల గమనించాము. "కాళ్ళలో సత్తువ లేదు" అని వారంటే, ఇంటివారు బద్ధకమని అనుకుంటారు. అది బద్ధకం కాదు, జబ్బులో భాగమే.

ఈ జబ్బును వైద్యులు సి.ఓ.పి.డి. అంటారు. బీడీ, చుట్ట, సిగరెట్ల పొగ, కట్టెలు, పిడకల పొయ్యి పొగ దీనికి ముఖ్య కారణాలు. గాలి గొట్టాలు ఇరుకై, లోపలికి పీల్చిన గాలి పూర్తిగా బయటకు రాదు. అయితే నష్టం ఊపిరితిత్తులతో ఆగదు. బ్రిటన్, నెదర్లాండ్స్ దేశాల రోగులను పరీక్షించి 2010లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, సుమారు ముగ్గురిలో ఒకరికి తొడ కండరాల బలం తగ్గింది. జబ్బు ముదరనివారిలో కూడా కొందరికి ఈ లోపం కనిపించింది.

బలం ఎందుకు తగ్గుతుంది?

మొదటి కారణం కండరంలోనే ఉంది. ఆయాసానికి భయపడి మనిషి కదలడం మానేస్తాడు. వాడని కండ కరిగిపోతుంది. సరిగా తినకపోవడం కూడా దానికి తోడవుతుంది.

రెండవ కారణం మెదడు. సంఘంలో పదిమంది పనివారున్నా, కార్యదర్శి ఆరుగురినే పిలిస్తే ఆరుగురి పనే జరుగుతుంది. కండరంలోని పోగులన్నీ అటువంటి పనివారే. వాటిని పిలిచేది మెదడు. ఆ పిలుపు వెన్నుపాము, నరాల ద్వారా కండరానికి చేరుతుంది.

పిలుపు పూర్తిగా అందుతున్నదా లేదా అని తెలుసుకొనే పద్ధతిని 1954లో బ్రిటన్‌లో మెర్టన్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. మనిషి శక్తికొలది కండరాన్ని బిగించినప్పుడు, నరానికి చిన్న విద్యుత్ తాకిడి ఇస్తారు. అప్పుడు బలం ఇంకా పెరిగితే, మెదడు పిలవని పనివారు మిగిలి ఉన్నారని అర్థం. 1985లో షెఫీల్డులో బార్కర్ బృందం అయస్కాంత శక్తితో పుర్రె పైనుంచే మెదడును ప్రేరేపించే పరికరాన్ని చూపింది. ఇటువంటి పద్ధతులతో సి.ఓ.పి.డి. రోగులను పరీక్షించగా, బలహీనత ఉన్న కొందరిలో మెదడు ఇచ్చే ఆజ్ఞ తక్కువగా ఉన్నట్లు తేలింది. అందరిలోనూ ఒకే తీరుగా కనిపించలేదు.

మెదడు బరువు శరీరంలో సుమారు 2 శాతమే. విశ్రాంతిలో శరీరం వాడుకొనే ప్రాణవాయువులో సుమారు 20 శాతం దానికే కావాలి. కనుక రక్తంలో ప్రాణవాయువు తగ్గితే మెదడు పని మందగిస్తుంది. అంతేగాక, ఊపిరి పీల్చే కండరాలు, కాళ్ళ కండరాలు అలసినప్పుడు ఆ కబురు నరాల ద్వారా పైకి చేరుతుంది. మెదడు కాళ్ళకిచ్చే ఆజ్ఞను తగ్గిస్తుంది.

చేయవలసినవి

పిలవడం మరచిన మెదడుకు తిరిగి నేర్పవచ్చును. వ్యాయామం కొత్తగా మొదలుపెట్టినవారిలో, కండ పెరగకముందే తొలి వారాలలో బలం పెరుగుతుంది. అది చాలావరకు నరాల ఆజ్ఞ మెరుగుపడటం వల్లనే. ఊపిరితిత్తుల రోగులకు ఆసుపత్రులలో నేర్పే వ్యాయామ శిక్షణ సాధారణంగా 6 నుంచి 8 వారాలు ఉంటుంది. నడక, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, చేతులతో కొద్దిపాటి బరువులెత్తడం అందులో ఉంటాయి. వైద్యుని సలహాతో మొదలుపెట్టి, మానకుండా చేయాలి. మంచం పట్టడం మందు కాదు.

1. పొగ త్రాగడం మానాలి. పొయ్యి పొగ బయటకు పోయే దారి ఉండాలి. దోమల కోసం కొట్టంలో పొగ వేసి అక్కడే కూర్చోరాదు.

2. ఊపిరి పరీక్ష చేయించుకొని, ఇన్‌హేలరు వాడే పద్ధతి నేర్చుకోవాలి.

3. ఆయాసానికి దుకాణంలో స్టెరాయిడ్ బిళ్ళలు కొని నెలల తరబడి మింగరాదు. అవి కండను తినేస్తాయి. ఇప్పటికే వాడుతున్నవారు వైద్యుని అడగకుండా హఠాత్తుగా ఆపరాదు.

4. ఇంట్లో ఆక్సిజన్ ఎవరికి, ఎంత అన్నది వైద్యుడే నిర్ణయించాలి.

5. పాలన్నీ కేంద్రానికి పోయక, రోగికి కొంత పాలు, పప్పు, గుడ్డు మిగల్చాలి.

ముఖ్య హెచ్చరిక: ఒక వైపు కాలు, చెయ్యి ఉన్నట్టుండి పడిపోయినా, మూతి వంకరపోయినా అది పక్షవాతం కావచ్చు. పెదవులు నీలబడినా, మనిషి మత్తుగా ఉన్నా ప్రమాదమే. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఈ వ్యాసాన్ని సంఘ సమావేశంలో చదివి వినిపించవలసిందిగా అధ్యక్షులను, కార్యదర్శులను కోరుతున్నాము. ఆయాసంతో ఉన్న సభ్యుడు కేంద్రానికి క్యాను మోయలేకపోతే ఎగతాళి చేయక, ముందు వైద్యుని వద్దకు పంపండి.