గుండె ఆపరేషనూ, ఒక్క దగ్గూ

నిరుడు మా బావగారికి గుండెకవాటం మరమ్మతు జరిగింది. రొమ్ము నడిమి ఎముకను కోయలేదు. కుడివైపు పక్కటెముకల సందున చిన్న గాటు పెట్టి పని పూర్తిచేశారు. "గాటు చిన్నది గనుక నొప్పీ చిన్నదే" అని అక్కయ్యకు నేనే ధైర్యం చెప్పాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి వైద్యం ఏం తెలుసు!

తెలివి వచ్చాక నర్సు "గట్టిగా దగ్గండి" అన్నది. బావగారు దగ్గబోయి ఆగిపోయారు. "ప్రాణం పోయినంత పనవుతోందోయ్!" అన్నారు నాతో.

సంగతేమిటంటే, ప్రతి పక్కటెముక దిగువ అంచున ఒక నరం సాగుతూ వుంటుంది. లోపలికి దారి చేయడానికి ఎముకలను ఎడం చేసినప్పుడు అది నలుగుతుంది. ఊపిరి తీసినప్పుడల్లా ఎముకలు కదలక తప్పదు గదా! నొప్పికి జడిసి రోగి పైపైనే ఊపిరి తీస్తాడు, దగ్గు అణచుకుంటాడు. కఫం పేరుకుని న్యుమోనియాకు దారితీయవచ్చు. మార్ఫిను జాతి మందులు నొప్పి తగ్గిస్తాయి; కాని మగత, వాంతులు తెస్తాయి. మోతాదు మించితే ఊపిరే మందగిస్తుంది.

మరి ఉపాయం? నొప్పి కబురు మెదడుకు చేరకముందే దారిలో ఆపడం. ఈ ఊహ పాతదే. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకెయినుతో కంటిని మొద్దుబరచాడు. 1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ అదే మందును వెన్నులోకి ఎక్కించాడు. అయితే గుండె ఆపరేషనులో రక్తం గడ్డకట్టకుండా హెపారిను ఇస్తారు. అటువంటప్పుడు వెన్నుపాము దగ్గర సూది గుచ్చితే, అరుదుగానైనా, లోపల నెత్తురు చేరి కాళ్ళు పడిపోయే ప్రమాదం వున్నది.

అందుకని వెన్నుపాముకు ఎడంగా, కండరాల పొరల మధ్య మందు పరిచే పద్ధతులు వచ్చాయి. పక్కటెముకల మీది సెరేటస్ కండరం పొర సంగతి 2013లోనూ, వెన్నెముక పక్కనుండే ఎరెక్టర్ స్పైనీ కండరం పొర సంగతి 2016లోనూ వైద్యపత్రికల కెక్కాయి. అల్ట్రాసౌండ్ తెరమీద సూదిమొనను చూసుకుంటూ రోపివకెయిన్ వంటి మందు ఎక్కిస్తారు. ఒక్క మోతాదు కొన్ని గంటలే పనిచేస్తుంది. సన్నని గొట్టం వుంచితే రెండుమూడు రోజులైనా ఇవ్వవచ్చు.

ఇదేమీ సంజీవిని కాదు. రొమ్ములో గొట్టాలు పెట్టినచోటా, భుజానా నొప్పి మిగలవచ్చు. మందు ఎక్కువైతే గుండెకూ మెదడుకూ చేటు. మాత్రలూ వుండవలసిందే.

ఆ సాయంత్రం బావగారి వీపున మందు వేశారు. కొంతసేపటికి ఆయన దిండు గుండెలకు హత్తుకుని ఖంగుమని దగ్గారు. దగ్గు విని సంతోషించడం మా అక్కయ్యకు అదే మొదలు!

మీ యింట యెవరికైనా ఇటువంటి ఆపరేషను తటస్థిస్తే, ముందుగానే మత్తు డాక్టరుగారిని ఒక్కమాట అడగండి: "తరువాత నొప్పికేం చేస్తారండీ?" అడగడానికి మొగమాటం అక్కరలేదు.