మూడడుగుల ఎత్తునుండి మోటారుకార్ల ప్రదర్శనము

చిన్నపిల్లలను వెంటబెట్టుకొని మోటారుకార్ల ప్రదర్శనమునకు పోవుట సుఖమైన పని కాదని పలువురు తలచెదరు. బిడ్డ త్వరలోనే అలసిపోవును, ఎత్తుకొమ్మని మారాము చేయును, పెద్దవారిని నిదానముగా చూడనీయడు. ఇది నిజమే. అయినను బిడ్డ చూపు వెంబడి మనమును చూడ నేర్చినచో, ఎరిగిన వస్తువే క్రొత్తదిగా తోచునని మా అనుభవము. దానిని మా పాఠకులకు విన్నవించుచున్నాము.

మోటారుబండి పుట్టి యెన్నో తరములు కాలేదు. జర్మనీ దేశస్థుడగు కార్ల్ బెంజు తన మూడుచక్రముల బండికి 1886 జనవరి 29వ తేదీన పేటెంటు కోరెను. 1897లో బెర్లిను నగరమందలి యొక హోటలులో జరిగిన ప్రదర్శనమున ఎనిమిది బండ్లు మాత్రమే యుండెను. మన దేశమున 1986లో ఢిల్లీయందు ఆరంభమైన ఆటో ఎక్స్‌పో వంటి పెద్ద ప్రదర్శనములకు జనులు తండోపతండములుగా పోయిరి. ఐదేండ్ల బిడ్డకు అట్టి సందడికంటె, కొలది బండ్లుండు నిమ్మళమైన చోటు మేలు. అందుచే మేము మా మనుమని హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమునకు తోడ్కొనిపోయితిమి.

అచ్చట నిజాము ప్రభువుల పాతకార్లు కలవు. వానిలో ముఖ్యమైనది పసుపుపచ్చని రోల్సు రాయిసు సిల్వర్ ఘోస్టు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొరకు సిద్ధము చేయించినది. ఆయన 1911లో కాలధర్మము నొందగా, బండి ఆయన కుమారునికి సంక్రమించెను. వెనుకభాగమున సింహాసనము వంటి ఎత్తైన ఆసనమున్నది. మేము ఆ ఆసనమును చూపుచు రాజుల వైభవమును వర్ణింప మొదలిడితిమి. బాలునికి అది కనబడనే లేదు! వాడు బండి ముందర నిలిచి, క్రిందివైపు చూచుచు, "తాతా, ఆ వంకర కడ్డీ దేనికి?" అని యడిగెను. మేము వంగి చూడవలసివచ్చినది. అది ఇంజనును త్రిప్పు హ్యాండిలు.

"మీ అమ్మమ్మ తిరుగలిని పిడి పట్టి త్రిప్పును గదా! ఈ బండినిగూడ మొదట అట్లే త్రిప్పవలెను" అంటిమి. వాని కది చాలెను. పెద్దపిల్లల కొరకు ఇంకొంచెము చెప్పుదుము. ఇంజను తనంతట తాను మొదలుకానేరదు. ఎవరైన త్రిప్పినప్పుడే సిలిండరులోని ముషలకము కదలి, పెట్రోలు ఆవిరిని గాలితో గూడ లోనికి పీల్చుకొని అదుమును. అప్పుడు విద్యుత్కణము తగిలి ఆ మిశ్రమము మండి, ముషలకమును బలముగా త్రోయును. అటుపిమ్మట ఇంజను తన బలముననే తిరుగుచుండును. కణము ముందుగా తగిలినచో హ్యాండిలు వెనుకకు తన్నును. అట్లు ఎందరికో మణికట్లు విరిగినవి. అమెరికాలో చార్లెసు కెట్టరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరును 1912 నాటి కాడిలాకు కార్లలో అమర్చిన పిమ్మట ఆ బాధ క్రమముగా తొలగినది. సింహాసనమును మాత్రమే చూచి వచ్చియుండినచో ఈ కథ మాకు జ్ఞాపకమునకు వచ్చియుండదు. మూడడుగుల ఎత్తునుండి చూచినవానికే ఆ కడ్డీ కంటబడినది.

కాని ఆ యెత్తే అపాయకరమునైనది. తిరిగి వచ్చునప్పుడు వీధిప్రక్కన ఒక కారు ఆగియుండెను. లోపల చూచిన బండ్లవలె ఇదియు కదలనిదే యనుకొని బాలుడు దాని వెనుకకు పోబోయెను. అంతలో అది వెనుకకు జరిగినది. వాని చేయి మా చేతిలో నుండుటచే గండము గడచినది. బండి నడపువానిపై మేము నేరము మోపజాలము. వెనుక దగ్గరగా నిలిచిన పసివాడు అతనికి అద్దములో కనబడడు. తప్పు మాదే. నిలిచియున్న బండ్లను గంటసేపు చూపితిమి గాని, వీధిలో నిలిచిన బండి యే క్షణముననైన కదలునని ఒక్కమాటయైన చెప్పమైతిమి.

కావున తల్లిదండ్రులకు మా మనవి. ప్రదర్శనమునకు ఉదయముననే పొండు. గంటసేపు చాలును. అడుగక దేనిని ముట్టరాదనియు, తప్పిపోయినచో ఉన్నచోటనే నిలువవలెననియు ముందే చెప్పుడు. మీ ఫోను నంబరు వ్రాసిన చీటిని బిడ్డ జేబులో నుంచుడు. ఇంజనులు నడుచుచోట పొగగొట్టము బిడ్డ చేతి కందునంత ఎత్తుననే యుండును. ఇంజను ఆగిన పిదపకూడ అది కొంతసేపు కాలుచుండునని మరువకుడు. అన్ని బండ్లను చూపవలెనని తొందరపడకుడు. బిడ్డ యెచ్చట నిలిచిన నచ్చట మీరును వంగి చూడుడు. వెలుపలికి వచ్చునప్పుడు, "లోపలి బండ్లు నిదురించుచున్నవి, వీధిలోనివి మేలుకొనియున్నవి" అని చెప్పి చేయి గట్టిగా పట్టుకొనుడు.

ఆ సాయంకాలము మా మనుమడు బొమ్మ గీసెను. అందు సింహాసనము లేదు, నిజాము లేడు. ఒక పచ్చని బండియు, దాని ముందర మిక్కిలి పెద్ద వంకర కడ్డీయు, ప్రక్కన చేయి చేయి పట్టుకొన్న ఇరువురు మనుష్యులును ఉండిరి.