విషమును పట్టి చూపు బంగారు రేణువులు

మన తిరువూరు చుట్టుపట్ల మామిడియు, ప్రత్తియు, మిరపయు విస్తారముగా పండును. ఈ పైరులకు పురుగుమందు కొట్టని రైతు అరుదు. కొట్టిన మందు కొన్నాళ్లకు కంటికి కానరాదు. అంతమాత్రమున కాయనుండి పోయినదని చెప్పుటకు వీలులేదు. దానిని కనుగొను ఒక చక్కని యుపాయమును ఇచ్చట వివరింపదలచితిమి.

మన నరములు కండరములకు ఆజ్ఞ పంపునపుడు అసిటైల్ కోలీను అను పదార్థము వెలువడును. పని ముగిసిన వెంటనే దానిని విరుగగొట్టుటకు అసిటైల్ కోలీనెస్టరేజు అను ఎంజైము అచ్చట కాచుకొనియుండును. మోనోక్రోటోఫాసు, క్లోరిపైరిఫాసు మొదలగు భాస్వర సంబంధమైన మందులు ఈ ఎంజైమును బంధించి పని చేయనీయవు. పురుగు చచ్చుట ఇందువలననే. ముక్కునకు గుడ్డయైన కట్టుకొనక మందు కొట్టు కూలివానికి చొంగ కారుటయు, కంటిపాప చిన్నదగుటయు, ఊపిరాడకపోవుటయు ఇందువలననే. పురుగునకును మనుష్యునకును గల భేదమును ఈ మందు ఎరుగదు.

శాస్త్రజ్ఞులు ఈ ఎంజైమునే కావలివానిగా నిలిపిరి. కావలివాడు పడిపోయిన దొంగ వచ్చెనని తెలియును గదా! అయితే వాడు పడిపోయిన సంగతి తెలుపువారెవరు? బంగారము. మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు నానోమీటరు. పదిపదిహేను నానోమీటర్ల బంగారు రేణువులు చెదరియున్న నీరు పచ్చగానుండదు, కెంపువలె ఎర్రగానుండును. ఇంగ్లాండులో ఫారడే పండితుడు 1857లోనే ఈ ఎరుపును పరిశోధించెను. రేణువులు గుంపుగూడిన, నీరు నీలివన్నెకు తిరుగును.

ఇక పరీక్ష. కాయను కడిగిన నీటిలో ఎంజైమును కలిపి కొంతసేపుంచి, పిమ్మట గంధకముగల అసిటైల్ థయోకోలీనును వేయుదురు. ఎంజైము కుశలముగానున్నచో దీనిని విరుచును, అందుండి వచ్చిన థయోకోలీను గంధకముచేత బంగారమును పట్టుకొని రేణువులను గుంపుగూర్చును, నీరు నీలమగును. మందున్నచో ఎంజైము కదలదు. ఎరుపు ఎరుపుగానే నిలుచును. ఇచ్చట మారని రంగే అపాయమునకు గురుతు!

రంగునుబట్టి పదార్థమును కొలుచుట తెలుగువారికి క్రొత్త కాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కేగారితో కలిసి, భాస్వరమును నీలిరంగుచేత కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి.

ఈ పరీక్షకు లోపములును కలవు. ఏ మందు చేరినదో ఇది చెప్పజాలదు. పైరిత్రాయిడు జాతి మందులను పట్టజాలదు. ఎండకు చెడిన ఎంజైము నిర్దోషియైన కాయపైనను నేరము మోపును. కావున మంచినీటితో మరియొక పరీక్షను ప్రక్కనే చేసి పోల్చవలెను. అనుమానము కలిగిన కాయను పెద్ద ప్రయోగశాలకు పంపక తప్పదు.

కాయలకన్న మందు కొట్టువారిని గూర్చియే మాకు చింత యెక్కువ. ఇదే ఎంజైము మన ఎర్ర రక్తకణములపైనను కలదు గనుక రక్తపరీక్షచే దాని బలమును కొలువవచ్చును. ఆరోగ్యవంతులలో సైతము ఈ బలము ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరుగానుండును. అందుచేత మందుకాలము రాకమునుపే ఒకసారి కొలిపించి వ్రాసియుంచుకొనవలెను. లేనియెడల తరువాత అది తగ్గెనో లేదో పోల్చుటకు ఆధారముండదు.