నట్టు బోల్టుల్లా జన్యువులు.. చేలో నిలుస్తాయా?

కోస్గిలో బోరు మోటారుకు బోల్టు కావాలంటే దుకాణదారు సైజు ఒక్కటే అడుగుతాడు. కంపెనీ ఏదైనా కొలత కుదిరితే బిగిసిపోతుంది. జీవుల్లోనూ ఇదే పద్ధతి తేవాలని అమెరికాలోని ఎం.ఐ.టి.లో టామ్ నైట్ 2003లో 'బయోబ్రిక్స్' అనే ప్రామాణిక జన్యు ముక్కలను ప్రతిపాదించారు. ఏ ముక్క చివరనైనా మరో ముక్క అతికేలా కొలతలు ఖరారు చేయడమే ఇందులో కిటుకు. ఈ శాస్త్రాన్నే సింథటిక్ బయాలజీ అంటున్నారు.

పత్తి చెప్పిన పాఠం

దీనికి దగ్గరి చుట్టం మన చేలోనే ఉంది. నేలలోని బాసిల్లస్ తురింజెన్సిస్ అనే బాక్టీరియా జన్యువును పత్తిలో చేర్చిన బి.టి. విత్తనానికి కేంద్రం 2002లో అనుమతిచ్చింది. అదే జన్యువును ఎన్నో కంపెనీలు తమ హైబ్రిడ్లలోకి ఎక్కించుకున్నాయి. అంటే అది బోల్టులాగే అన్నింటికీ సరిపోయింది. కానీ బోల్టును పురుగు తినదు, పత్తిని తింటుంది. మొదటి రకం బి.టి.ని గులాబీ రంగు పురుగు తట్టుకుంటోందని 2010లో గుజరాత్‌లో బయటపడింది. రెండు జన్యువులతో 2006లో వచ్చిన బి.జి-2 కూడా తర్వాత దాని ముందు నిలవలేదు. చుట్టూ ఎక్కువగా బి.టి. పత్తే వేయడం, రెఫ్యూజీ గింజలు విత్తకుండా పారేయడం, పంటను నెలల తరబడి చేలోనే ఉంచడం పురుగుకు కలిసొచ్చాయి.

వరిలో కొత్త పద్ధతి

రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిలో ఉన్న ఒక జన్యువునే క్రిస్పర్ పద్ధతిలో సవరించి 'డి.ఆర్.ఆర్. ధాన్ 100 (కమల)' రూపొందించింది. 2025 మే 4న దీన్ని ప్రకటించారు. సుమారు 20 రోజులు ముందే కోతకొస్తుందని, దిగుబడి 19 శాతం పెరిగిందని సంస్థ చెబుతోంది. ఇందులో బయటి జన్యువు లేదు. ఈ లెక్క పరిశోధన క్షేత్రాలది. మన బోరు నీళ్లకు, మన నేలకు ఎలా ఉంటుందో ముందు కొద్ది గుంటల్లో వేసి చూసుకోవడమే మేలు.

రైతులు ఏం చేయాలి?

* ఏ విత్తనం కొన్నా బిల్లు, సంచి, ట్యాగు పంట చేతికొచ్చేదాకా దాచాలి. ధ్రువీకరించిన విత్తనానికి నీలిరంగు ట్యాగు ఉంటుంది.
* పత్తిలో లింగాకర్షక బుట్టలు పెట్టాలి. వరుసగా మూడు రోజులు బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగులు పడితే మందు కొట్టాల్సిందే. గుడ్డిపూలను ఏరి నాశనం చేయాలి. డిసెంబరు దాటాక పంట పొడిగించొద్దు.
* పత్తి హైబ్రిడ్ గింజలు మళ్లీ విత్తనానికి పనికిరావు. వరి సూటి రకాల విత్తనం మాత్రం దాచుకోవచ్చు. 2001 నాటి మొక్కల రకాలు, రైతు హక్కుల చట్టం ఆ హక్కు ఇచ్చింది.

ల్యాబులో ముక్కలకు కొలత ఒక్కటే కావచ్చు. చేలో మాత్రం నేల, వాన, పురుగు ఎవరి కొలతా వినవు. వాటిని రోజూ చూసేది రైతే.