రాజమన్నారుగారి న్యాయపీఠము

1911లో ఉత్తరార్కాటు జిల్లానుండి చిత్తూరు వేఱుపడినప్పుడు వేలూరు, గుడియాత్తములు పాతజిల్లాలోనే యుండిపోయినవి. అయినను ఉభయజిల్లాల అప్పీళ్లును చెన్నపట్టణపు హైకోర్టునకే వచ్చుచుండెను. 1954 జూలైలో గుంటూరున ఆంధ్ర హైకోర్టు వెలసినపిమ్మట చిత్తూరు వ్యాజ్యములు అటు మరలెను. వేలూరు, గుడియాత్తముల తెలుగువారికి మాత్రము చెన్నపట్టణమే గతి. అయితే అచ్చట ప్రధానన్యాయమూర్తిగా నున్నవారును తెలుగువారే: శ్రీ పాకాల వెంకట రాజమన్నారుగారు.

వీరు 1901లో జన్మించిరి. తండ్రి వెంకటరమణారావు నాయుడుగారును ఆ హైకోర్టున న్యాయమూర్తిపదవి నిర్వహించినవారే. రాజమన్నారుగారు 1944లో న్యాయమూర్తియై, 1948 మొదలు 1961 వఱకు ప్రధానన్యాయమూర్తిగా నుండిరి. ఆ పదవి స్థిరముగా లభించిన తొలి భారతీయులు వీరే. తెలుగున నాటకములును రచించిరి. వానిలో నొకదానికి ‘తప్పెవరిది’ అని న్యాయవాదికి తగిన పేరే పెట్టిరి.

రాజ్యాంగము అమలునకు వచ్చిన యేడే వీరికి పరీక్ష వచ్చెను. వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో ప్రతి 14 స్థానములకు బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియనులకును క్రైస్తవులకును కలిపి 1, ముస్లిములకు 1 చొప్పున మద్రాసు ప్రభుత్వము పంచుచుండెను. చంపకం దొరైరాజన్ వ్యాజ్యమున 1950 జూలై 27న వీరి అధ్యక్షతనున్న ధర్మాసనము ఆ ఉత్తరువును కొట్టివేసెను. తాము బ్రాహ్మణేతరులయ్యు నట్లు తీర్పుచెప్పుట సామాన్యము కాదు. తీర్పును సుప్రీంకోర్టు 1951 ఏప్రిలులో స్థిరపఱచినది. రెండునెలలలో పార్లమెంటు రాజ్యాంగమునే సవరించి వెనుకబడినవారికి ప్రత్యేకావకాశములు కల్పించినది. ఆ సవరణ యావశ్యకమే యని మా తలంపు. కాని శాసనమున లేని యధికారమును న్యాయమూర్తి ప్రభుత్వమునకు దయచేయరాదుగదా!

అదే సంవత్సరము సెప్టెంబరులో వి.జి.రావుగారి వ్యాజ్యమున, ప్రజా విద్యాసంఘమును చట్టవిరుద్ధమని ప్రకటించిన ఉత్తరువునుగూడ వీరి ధర్మాసనము రద్దుచేసెను. 1952లో సుప్రీంకోర్టు దీనినిగూడ సమర్థించినది.

ఇట్లు రాష్ట్రప్రభుత్వపు చేయి పట్టుకొన్నవారే, విశ్రాంతులైన పిమ్మట రాష్ట్రముల పక్షమున వాదించిరి. 1969లో తమిళనాడు ప్రభుత్వము నియమించిన సంఘమునకు వీరు అధ్యక్షులు. రాష్ట్ర మంత్రివర్గములను తొలగించి కేంద్రపాలన విధించుటకు వీలిచ్చు 356వ యధికరణమును పూర్తిగా తొలగింపవలెనని 1971 నివేదికలో సూచించిరి. ఇందు వైరుధ్యము గలదని కొందఱందురు. మాకట్లు తోచదు. చెన్నపట్టణమున ప్రభుత్వమునకు హద్దు చూపినవారు ఢిల్లీకిని చూపిరి. కాని ఆ యధికరణము నేటికిని రాజ్యాంగమున నున్నది.