పక్షులకూ ఒక పండుగ

సంక్రాంతి, ఉగాది మీకు తెలుసు. పక్షుల పేరిట జరిగే పండుగ గురించి విన్నారా?

ఇప్పటి తిరుపతి జిల్లాలో ఉన్న సూళ్ళూరుపేటలో 2001లో ఈ పండుగ మొదలైంది. పేరు 'ఫ్లెమింగో ఫెస్టివల్'. మధ్యలో కొన్నేళ్ళు ఆగి, 2025 జనవరి 18 నుంచి 20 వరకు మళ్ళీ జరిగింది. పిల్లాపాపలతో కుటుంబాలు, ఉపాధ్యాయులతో విద్యార్థులు పక్షులను చూడటానికి వెళతారు. మరి ఈ పండుగ ఆ ఊళ్ళోనే, చలికాలంలోనే ఎందుకు?

పురిటిల్లు, వంటిల్లు

సూళ్ళూరుపేటకు దగ్గరలో నేలపట్టు చెరువు ఉంది. 1976లో దీన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండి, అందులోని నీటి కడప చెట్లు నీళ్ళ మధ్య నిలుస్తాయి. చుట్టూ నీరుంటే అడవి పిల్లులు, నక్కలు గూటి దాకా రాలేవు. అందుకే గూడబాతులు ఆ చెట్లపై గూళ్ళు కట్టి, చేపల వేటకు పులికాట్ సరస్సుకు వెళ్ళివస్తాయి. నేలపట్టు వాటికి పురిటిల్లు, పులికాట్ వంటిల్లు.

ఫ్లెమింగోలు మాత్రం పులికాట్‌కు మేత కోసమే వస్తాయి. తల కిందులుగా వంచి, ముక్కును నీటిలో ముంచి, నాలుకతో నీటిని లోపలికి లాగి బయటికి నెడతాయి. ముక్కు అంచున ఉన్న జల్లెడవంటి ఏర్పాటులో నాచు, చిన్న చిన్న జీవులు చిక్కుకుంటాయి. ఆ మేతలోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలే ఈకలకు గులాబి రంగునిస్తాయి.

మన ఉప్పలపాడు

గుంటూరు విద్యార్థులు పక్షులను చూడటానికి అంత దూరం పోనక్కరలేదు. పెదకాకాని మండలంలోని ఉప్పలపాడు చెరువులో, సర్కారు తుమ్మ చెట్లపై గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వందలకొద్దీ గూళ్ళు కడతాయి. ఊరు పక్కనే ఉన్నా అవి బెదరవు. కారణం, గ్రామస్థులు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు.

ఇందులో మనుషులకూ లాభముంది. పక్షుల రెట్టలో నత్రజని, భాస్వరం ఉంటాయి. అవి కలిసిన చెరువు నీరు పొలానికి పారితే ఎరువు కూడా పారినట్లే. నేలపట్టు చుట్టుపక్కల రైతులకు ఈ సంగతి బాగా తెలుసు.

పెంకు పలచబడితే?

పక్షులకు ఆపద తుపాకీతోనే రాదు. అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో అనకాపా అనే దీవి ఉంది. 1970లో అక్కడ గూడబాతులు 552 గూళ్ళు కడితే, ఎగిరే వయసుకు వచ్చిన పిల్ల ఒక్కటే! డి.డి.టి. తయారుచేసే కర్మాగారం వ్యర్థాలు సముద్రంలో కలిశాయి. ఆ విషం నాచు నుంచి చిన్న చేపలకు, వాటి నుంచి పెద్ద చేపలకు, చివరికి పక్షులకు చేరింది. మెట్టుమెట్టుకూ దాని మోతాదు పెరిగింది. పెంకుకు చేరవలసిన కాల్షియం చేరలేదు. తల్లి పొదగటానికి కూర్చుంటే ఆ బరువుకే గుడ్లు చితికిపోయాయి. అమెరికా 1972లో డి.డి.టి.ని నిషేధించింది. ఆ తర్వాత గూడబాతులు మెల్లగా కోలుకున్నాయి. మన దేశంలో 1989లో వ్యవసాయానికి దాని వాడకం ఆపేశారు.

ఈ కథ మనకెందుకంటారా? మనది పత్తి, మిరప పండే నేల. ఇక్కడ మందు కొట్టని చేను అరుదు. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ నాశనం చేసింది. అతిగా కొట్టిన మందులకు మేలుచేసే పురుగులు చచ్చి, తెల్లదోమ పెచ్చుపెరగటం అందుకు ఒక కారణం. చేలో కొట్టిన మందు చేలోనే ఉండిపోదు. వాన నీటితో వాగులోకి, వాగు నుంచి చెరువులోకి చేరుతుంది. ఆ చెరువు చేపనే గూడబాతు తన పిల్లకు పెడుతుంది. కనుక పక్షులను కాపాడటమంటే చెట్టును కాపాడటమే కాదు, చెరువులోకి వచ్చే నీటిని కూడా కాపాడటం. పండుగ మూడు రోజులే. ఆ కాపలా ఏడాది పొడవునా ఉండాలి.

మీరూ చేయండి

ఒక ఆదివారం ఉదయం మీ ఊరి చెరువు గట్టున అరగంట కూర్చోండి. కేకలు వద్దు, రాళ్ళు వద్దు. ఏ పక్షులు ఎన్ని వచ్చాయో, ఏం తింటున్నాయో నోటు పుస్తకంలో రాయండి. నెలనెలా ఇలాగే రాస్తే, ఏ పక్షి ఎప్పుడు వచ్చిందో, ఏది రావటం మానేసిందో తెలుస్తుంది. చెరువులో ఏదైనా తేడా వస్తే ముందుగా చెప్పేది ఆ పుస్తకమే. తమ్ముణ్ణి, చెల్లెల్ని, తాతయ్యను కూడా వెంట తీసుకెళ్ళండి. పైసా ఖర్చు లేకుండా మీ ఊళ్ళోనే పక్షుల పండుగ జరిగినట్లే!