చలికాలం షెడ్డులో ఉన్న బండిని స్టార్ట్ చేయకండి

మినియాపోలిస్‌లో జనవరి రాత్రుల సగటు ఉష్ణోగ్రత మైనస్ 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. నవంబరు మొదట్లో షెడ్డులోకి నెట్టిన మోటార్‌సైకిల్ మళ్లీ రోడ్డెక్కేది ఏప్రిల్‌లోనే. అంటే దాదాపు 150 రోజులు. మిన్నెసోటా, మిషిగన్, టొరంటో వైపు స్థిరపడి అక్కడ బండి కొనుక్కున్న మనవాళ్లకు ఇంత సుదీర్ఘ విరామం కొత్త. ఊళ్లో నేర్చుకున్న అలవాటు మాత్రం వెంట వెళుతుంది: వారానికోసారి స్టార్ట్ చేసి ఓ పది నిమిషాలు ఇంజన్ తిరగనిస్తే బండి పాడవకుండా ఉంటుందని. బండి మీద ప్రేమతో చేసే పనే అది. లెక్క వేసి చూస్తే మాత్రం దానివల్ల మేలు కనిపించదు, కీడే కనిపిస్తుంది.

ముందు బ్యాటరీ సంగతి. తాళంచెవి తీసేసినా గడియారం, ఇంజన్‌ను అదుపు చేసే చిన్న కంప్యూటర్ (ఈసీయూ) లాంటివి కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. అది 3 మిల్లీఆంపియర్లు అనుకుందాం. అలారం బిగించిన బండికైతే ఇంకా ఎక్కువే. 150 రోజులంటే 3,600 గంటలు. దాన్ని 0.003తో గుణిస్తే 10.8 ఆంపియర్-అవర్లు. 650 సీసీ బండిలో ఉండే బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 12 ఆంపియర్-అవర్లు! బ్యాటరీ తనంతట తాను దిగిపోయేది దీనికి అదనం.

చలిదేశంలో దిగిపోయిన బ్యాటరీ అక్కడితో ఆగదు. నిండుగా చార్జ్ ఉన్నప్పుడు అందులోని యాసిడ్ మైనస్ 50 డిగ్రీలకు కూడా గడ్డకట్టదు. చార్జ్ తగ్గేకొద్దీ యాసిడ్ పలచబడి నీళ్లకు దగ్గరవుతుంది. పూర్తిగా దిగిపోతే మైనస్ 10 దరిదాపుల్లోనే గడ్డకడుతుంది. నీరు మంచుగా మారితే పరిమాణం 9 శాతం పెరుగుతుంది కదా, లోపలి పలకలు వంగుతాయి, డబ్బా చిట్లుతుంది. మైనస్ 13 రాత్రికి ఆ పని చేసే శక్తి ఉంది. నిండు బ్యాటరీని అదే రాత్రి ఏమీ చేయలేదు.

మరి వారానికో స్టార్ట్‌తో ఈ నష్టం పూడుతుందా? వారంలో 168 గంటలు, 3 మిల్లీఆంపియర్ల చొప్పున అర ఆంపియర్-అవర్ పోతుంది. సెల్ఫ్ నొక్కినప్పుడు 100 ఆంపియర్లు 3 సెకన్లపాటు లాగితే మరో 0.08. ఇక రాబడి. చాలా బండ్లలో హెడ్‌లైటు ఆర్పే వీలుండదు కాబట్టి, ఐడిలింగ్‌లో ఉత్పత్తయ్యే కరెంటులో ఎక్కువ భాగం దానికే సరిపోతుంది. బ్యాటరీకి 1 ఆంపియర్ మిగిలిందనుకున్నా పది నిమిషాలకు వచ్చేది 0.17. ఖర్చు 0.58, జమ 0.17. ప్రతి వారం లోటే.

అసలు చేటు ఇంజన్‌కూ సైలెన్సర్‌కూ జరుగుతుంది. లీటరు పెట్రోల్ కాలితే ఇంచుమించు లీటరు నీరు పుడుతుంది. పెట్రోల్‌లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలవడమే దీనికి కారణం. పది నిమిషాల్లో 100 మిల్లీలీటర్లు కాలిందనుకుంటే, 21 వారాలకు రెండు లీటర్లకు పైగా నీరు. వేడెక్కిన బండిలో అదంతా ఆవిరిగా బయటికి పోతుంది. మంచులా చల్లగా ఉన్న సైలెన్సర్‌లో చాలావరకు లోపలి గోడలకే పట్టి తుప్పుకు దారితీస్తుంది. కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి ఇంజనాయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ 90, 100 డిగ్రీల దాకా కాగితేనే ఆ నీరు ఆవిరైపోతుంది. గడ్డకట్టే చలిలో నిలబెట్టి పది నిమిషాలు తిప్పితే ఆయిల్ ఆ వేడి దరిదాపులకు కూడా రాదు.

పెట్రోల్ ట్యాంకు విషయంలో మాత్రం జనం పడే భయం కాస్త పెద్దది. అమెరికాలో బంకుల్లో పోసే పెట్రోల్‌లో సాధారణంగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుందని, నీరు ఎక్కువైతే పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరుతుందని చెబుతారు. రెండూ నిజాలే. కానీ 15 డిగ్రీల దగ్గర ఈ మిశ్రమం సుమారు అర శాతం నీటిని తనలో కలుపుకోగలదు. చలిలో ఇంకాస్త తక్కువ. ట్యాంకులో 5 లీటర్లే ఉన్నాయనుకున్నా పాతిక మిల్లీలీటర్ల నీరు పట్టాలి. మిగతా 10 లీటర్ల ఖాళీలోని గాలి పగలు వ్యాకోచించి రాత్రి కుదించుకుంటూ రోజుకు ముప్పావు లీటరు కొత్త గాలిని లోపలికి లాగినా, అది 20 డిగ్రీల తడిగాలే అయినా, 150 రోజులకు వచ్చే తేమ 2 గ్రాములు దాటదు. ఆరుబయట ఉన్న బండికి మూతలోంచి వాననీరు, కరిగిన మంచు దిగితే అది వేరే సంగతి. అయినా ట్యాంకు నింపే పెట్టాలి. ఇనుప ట్యాంకులో పెట్రోల్ తాకని గోడే తుప్పు పడుతుంది, గాలి తగిలేకొద్దీ పెట్రోల్ చెడి జిగురు కడుతుంది. పెట్రోల్ చెడకుండా ఆపే స్టెబిలైజర్‌ను తాజా పెట్రోల్‌లోనే కలపాలి. కలిపాక ఓ పది నిమిషాలు నడిపితే ఇంజెక్టర్ల దాకా చేరుతుంది. కార్బ్యురేటర్ బండికైతే ఫ్లోట్ బౌల్ ఖాళీ చేయడం మేలు.

టైర్లలో గాలి తగ్గినట్టు కనిపిస్తే పంక్చర్ అనుకోనక్కర్లేదు. 25 డిగ్రీల దగ్గర 36 పీఎస్ఐ కొట్టించిన టైరు మైనస్ 15లో 29 చూపిస్తుంది. నిలిపే ముందు కాస్త ఎక్కువ కొట్టించి, వీలైతే సెంటర్ స్టాండ్ వేస్తే చాలు.

కాబట్టి నవంబరులో చివరిసారి ఓ అరగంట బాగా నడిపి, వేడిగా ఉండగానే ఇంజనాయిల్ మార్చండి. పాత ఆయిల్‌లో నీటితోపాటు ఆమ్లాలూ ఉంటాయి, ఐదు నెలలు బేరింగులను వాటిలో నానబెట్టకూడదు. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టుకోండి. నెలకోసారి మల్టీమీటర్‌తో చూస్తే 12.6 వోల్టులు లేదా అంతకు పైన ఉండాలి. 12.4 అంటే ముప్పాతిక వంతే మిగిలినట్టు, అప్పుడు చార్జ్ పెట్టాలి. సైలెన్సర్ మూతికి స్టీల్ పీచు కుక్కండి, ఎలుకపిల్లకు 6 మిల్లీమీటర్ల సందు చాలు. ఏప్రిల్‌లో తీయడం మరిచిపోకుండా తాళంచెవికి ఓ చీటీ కట్టండి. ఎండ కాసిందని ఆవేళే రోడ్డెక్కొద్దు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు ఒకటి రెండు వానలకు కొట్టుకుపోవాలి.

కొడుకు అమెరికాలో ఉండి బండి విజయవాడలో ఉన్న ఇళ్లకు కూడా ఇందులో సగం లెక్క వర్తిస్తుంది. అక్కడ బ్యాటరీ గడ్డకట్టదు కానీ, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే అది తనంతట తాను దిగిపోయే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. నాన్నగారు వారానికోసారి స్టార్ట్ చేస్తానంటే, గేటు దగ్గర నిలబెట్టి కాదు, అలా ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పుకు రమ్మనండి. అది కుదరకపోతే 10 నంబరు పానా తీసుకుని బ్యాటరీ నల్ల వైరు విప్పేసి, రెండు నెలలకోసారి మెకానిక్ చేత చార్జ్ పెట్టించమనండి.